హ్యాండ్ క్రికెట్ సిమ్యులేషన్: సగటు ఎందుకు నిలవడం లేదు? బ్యాటర్ ఏ నంబర్ వేయాలి?

సరిబేసి (కాకినాడ)

అందరికీ నమస్తే. బీటెక్ రెండో సంవత్సరం చదువుతున్నాను. స్కూల్ బస్సులో, బెంచీ కింద దొంగచాటుగా అందరం ఆడుకున్న హ్యాండ్ క్రికెట్‌ని పైథాన్‌లో ఆడిస్తున్నాను. రూల్స్ ఊరికొక రకంగా ఉంటాయి కాబట్టి నేను తీసుకున్నవి ముందే చెప్తాను. ఇద్దరూ ఒకేసారి 1 నుంచి 6 లోపు ఒక నంబర్ చూపిస్తారు. బొటనవేలు ఒక్కటే లేపితే 6. రెండు నంబర్లూ కలిస్తే బ్యాటర్ ఔట్. కలవకపోతే బ్యాటర్ చూపించినన్ని రన్స్. ఒకటే వికెట్, ఓవర్ల లిమిట్ లేదు. సున్నా లేదు.

కోడ్ సారాంశం ఇది:

స్కోరు = 0
ఔట్ అయ్యేవరకు తిరుగు:
  బ్యాటర్ = 1 నుంచి 6 లో ఏదో ఒకటి
  బౌలర్ = 1 నుంచి 6 లో ఏదో ఒకటి
  రెండూ ఒకటే అయితే స్కోరు తిరిగి ఇచ్చి ఆగిపో
  కాకపోతే స్కోరుకి బ్యాటర్ నంబర్ కలుపు

దీన్ని 100 ఇన్నింగ్స్ ఆడించి సగటు తీస్తే ఒకసారి 15.2 వస్తోంది, ఇంకోసారి 19.8, మరోసారి 17.1. అసలు సగటు ఎంత? ఎన్ని ఇన్నింగ్స్ ఆడిస్తే నమ్మొచ్చు? ఇంకొకటి, బ్యాటర్‌కి ఏ నంబర్ లాభం? మా రూమ్‌లో అందరూ "ఎప్పుడూ 6 కొట్టు, ఎంత బతికితే అంత" అంటున్నారు. నాకు అది నమ్మబుద్ధి కావడం లేదు.

లెక్కలమ్మ (హనుమకొండ)

బాబూ, మీ కోడ్‌లో తప్పేమీ కనిపించడం లేదు. ముందు కాగితం మీద చూద్దాం.

ఇద్దరూ ఆరు నంబర్లనీ సమానంగా వేస్తున్నారు. మొత్తం 36 జతలు, అందులో కలిసేవి 6. అంటే ప్రతి బంతికీ ఔటయ్యే అవకాశం ఆరింట ఒకటి. సగటున ఆరు బంతులకి ఇన్నింగ్స్ ముగుస్తుంది, అందులో ఆఖరిది వికెట్ బంతి. మిగిలిన 5 బంతులకీ బంతికి సగటున 3.5 రన్స్. 5 × 3.5 = 17.5. మీరు వెతుకుతున్న సంఖ్య అదే.

మరి ఊగులాట ఎందుకు? ఈ ఆటలో ఒక్కో ఇన్నింగ్స్‌కీ మధ్య తేడా చాలా పెద్దది. ఆరింట ఒక ఇన్నింగ్స్ డకౌట్‌తో పోతుంది, అప్పుడప్పుడు ఒకటి 70, 80 కూడా దాటుతుంది. స్కోర్ల ప్రామాణిక విచలనం (స్కోర్లు సగటు నుంచి ఎంత చెదిరి ఉన్నాయో చెప్పే కొలత) లెక్కగడితే దాదాపు 19.5 వస్తుంది, అంటే సగటు కంటే ఎక్కువ. 100 ఇన్నింగ్స్ సగటులో ఉండే ఊగులాట దాన్ని 10తో భాగిస్తే వస్తుంది, సుమారు 1.95. కాబట్టి 15.2, 19.8 రెండూ మామూలే. 10,000 ఇన్నింగ్స్ ఆడిస్తే ఊగులాట 0.2కి, 10 లక్షలు ఆడిస్తే 0.02కి దిగుతుంది. ఊగులాట పదో వంతుకి తగ్గాలంటే ఆటలు వంద రెట్లు పెంచాలి. ఎంత ఖచ్చితత్వం కావాలో ముందు నిర్ణయించుకుని, దాన్నిబట్టి ఇన్నింగ్స్ సంఖ్య పెట్టుకోండి.

సగటుతో పాటు మధ్యగతం (స్కోర్లన్నీ వరసలో పెడితే సరిగ్గా మధ్యలో వచ్చేది) కూడా ప్రింట్ చేసి చూడండి. సగటు 17.5 అయినా, సగం ఇన్నింగ్స్ 11 లోపే ముగుస్తాయి. కొన్ని పెద్ద స్కోర్లు సగటుని పైకి లాగుతున్నాయి.

జామకాయ (విజయనగరం)

నేను పైథాన్ లెక్కల లైబ్రరీ నంపైలో రాశాను. లక్ష ఇన్నింగ్స్ ఆడించినా నాకు 12 దగ్గరే ఆగుతోంది. 17.5 రానే రావడం లేదు. రూల్స్ అవే.

రాత్రిషిఫ్ట్ (హైదరాబాద్)

@జామకాయ, ర్యాండమ్ నంబర్ ఇచ్చే రాండింట్‌కి 1, 6 ఇచ్చి ఉంటారు. పైథాన్‌తో వచ్చే ర్యాండమ్ మాడ్యూల్‌లో రాండింట్ 1, 6 అంటే 6 కూడా వస్తుంది. నంపై రాండింట్‌లో పై హద్దు లెక్కలోకి రాదు, 1 నుంచి 5 మాత్రమే వస్తాయి. ఐదు నంబర్లతో ఆడితే ఐదింట ఒకసారి ఔట్, మిగిలిన నాలుగు బంతులకి సగటు 3, మొత్తం 12. మీ సంఖ్యే చెప్తోంది. 6 బదులు 7 ఇవ్వండి.

@సరిబేసి, రెండు పనులు చేయి తమ్ముడూ. ఒకటి, ప్రోగ్రామ్ మొదట్లో ఒక్కసారి సీడ్ (ర్యాండమ్ నంబర్ల వరస ఎక్కడ మొదలవ్వాలో చెప్పే సంఖ్య) పెట్టు. ఈరోజు వచ్చిన ఫలితమే రేపూ వస్తుంది, ఇక్కడ మాకు చూపించినప్పుడు మేమూ అదే తెచ్చుకోగలం. రెండు, బ్యాటర్‌ని ఒక ఫంక్షన్‌గా, బౌలర్‌ని ఇంకో ఫంక్షన్‌గా విడదీయి. ఇప్పుడు ఇద్దరి ఎంపికా లూప్‌లోనే ఇరుక్కుని ఉంది. విడదీస్తే ఏ బ్యాటర్‌నైనా ఏ బౌలర్‌ మీదకైనా దింపొచ్చు. "ఎప్పుడూ 6" అనే బ్యాటర్ నిజంగా పనికొస్తాడా లేదా అన్నది అప్పుడు నువ్వే చూసుకుంటావు.

టర్బోసీ (తిరుపతి)

సీడ్ మాట వచ్చింది కాబట్టి సీ భాషలో రాసేవాళ్లకి ఒక మాట. మా ల్యాబ్‌లో ప్రతి బ్యాచ్‌లోనూ ఇది చూస్తాను. బ్యాటర్ ఫంక్షన్‌లో ఒకసారి, బౌలర్ ఫంక్షన్‌లో ఒకసారి టైమ్‌తో ఎస్‌ర్యాండ్ (సీడ్ పెట్టే ఫంక్షన్) పిలుస్తారు. రెండు పిలుపులూ ఒకే సెకనులో జరుగుతాయి కాబట్టి ఇద్దరికీ ఒకే నంబర్ వస్తుంది. బ్యాటర్ ప్రతి ఇన్నింగ్స్‌లోనూ మొదటి బంతికే ఔట్, సగటు సున్నా. ఎస్‌ర్యాండ్ మెయిన్‌లో ఒక్కసారే ఉండాలి.

సరిబేసి

రాత్రిషిఫ్ట్ అన్నా, విడదీశాను. 10 లక్షల ఇన్నింగ్స్ చొప్పున వచ్చినవి ఇవి:

ఇద్దరూ సమానంగా వేస్తే 17.5.
బ్యాటర్ ఎప్పుడూ 6, బౌలర్ సమానంగా: 30.
బ్యాటర్ ఎప్పుడూ 1, బౌలర్ సమానంగా: 5.
బ్యాటర్ సమానంగా, బౌలర్ ఎప్పుడూ 6: 15.
బ్యాటర్ సమానంగా, బౌలర్ ఎప్పుడూ 1: 20.

అంటే మా రూమ్‌వాళ్లు చెప్పినదే నిజమా? 30 ఎక్కడ, 17.5 ఎక్కడ!

కృష్ణాతీరం (డాలస్)

ఎదురుగా ఉన్న బౌలర్ కళ్లు మూసుకుని వేస్తే నిజమే. కానీ నాలుగు బంతులు వరసగా 6 చూస్తే ఏ పిల్లాడైనా 6 వేసి ఔట్ చేస్తాడు.

ఇక్కడ స్టోన్ పేపర్ సిజర్స్ ఒకసారి గుర్తుచేసుకోవాలి. ఇలాంటి ఇద్దరి ఆటల్లో, ఒకరి లాభం ఇంకొకరి నష్టం అయినచోట, అవతలివాడు ఎంత తెలివిగా ఆడినా మనకి ఒక హామీ ఇచ్చే పద్ధతి ఉంటుందని జాన్ వాన్ న్యూమన్ 1928లో నిరూపించారు. స్టోన్ పేపర్ సిజర్స్‌లో ఆ పద్ధతి మూడింటినీ సమానంగా, క్రమం లేకుండా వేయడం. అప్పుడు ఎవరూ మనల్ని సగటున ఓడించలేరు.

దీనికి ఇంకో ముఖం కూడా ఉంది. 1999లో కెనడాలోని ఆల్బర్టా విశ్వవిద్యాలయంలో డార్స్ బిల్లింగ్స్ ఈ ఆట ఆడే ప్రోగ్రాములకి పోటీ పెట్టారు. ఒక్కో మ్యాచ్ 1000 రౌండ్లు. సమానంగా వేసే ప్రోగ్రామ్ ఎవరి చేతిలోనూ పెద్దగా ఓడదు, ఎవరి మీదా పెద్దగా గెలవదు. గెలిచింది డాన్ ఎగ్నార్ రాసిన అయోకేన్ పౌడర్. ఎదుటివాడి పాత ఎత్తులు చూసి తర్వాత ఏం వేస్తాడో ఊహించడమే కాదు, తనని ఎదుటివాడు ఎలా ఊహిస్తున్నాడో కూడా అది లెక్కలోకి తీసుకుంటుంది.

కాబట్టి తమ్ముడూ, హ్యాండ్ క్రికెట్‌లో కూడా క్షేమం కావాలంటే ఆరు నంబర్లూ సమానంగా వేయాలి. అంతకన్నా కావాలంటే ఎదుటివాడిని చదవాలి.

లెక్కలమ్మ

కృష్ణాతీరం గారూ, మిగతా అంతా ఒప్పుకుంటాను. ఆఖరి మాట దగ్గరే ఆగుతున్నాను. స్టోన్ పేపర్ సిజర్స్‌లో మూడు గుర్తులకీ ఒకటే విలువ. ఇక్కడ 6 కొడితే 6 రన్స్, 1 కొడితే 1. విలువలు వేరైనచోట సమానంగా వేయడం క్షేమం కాదు. సరిబేసి పెట్టిన ఫలితాల్లోనే సాక్ష్యం ఉంది: సమానంగా వేసే బౌలర్ మీద ఎప్పుడూ 6 కొట్టే బ్యాటర్ 30 చేశాడు. అలాగే సమానంగా వేసే బ్యాటర్‌ని, ఎప్పుడూ 6 వేసే బౌలర్ 15కి దించేశాడు.

మరి క్షేమమైన పద్ధతి ఏది? సిమ్యులేషన్ లేకుండానే తేలుతుంది. ఓపిగ్గా చదవండి, లెక్క పెద్దదేమీ కాదు.

ఇద్దరూ బాగా ఆడితే బ్యాటర్‌కి రావాల్సిన సగటుని "స" అందాం. ఓవర్ల లిమిట్ లేదు కాబట్టి ఇప్పటికే ఎన్ని కొట్టినా, ఇక ముందు రావాల్సిన సగటు ఎప్పుడూ స. అంటే బ్యాటర్ 4 వేసి బతికితే అతని చేతిలో ఉన్నది 4 + స. ఔటైతే ఇక ముందు ఏమీ లేదు.

బౌలర్ వైపు నుంచి చూడండి. బ్యాటర్ ఏ నంబర్ ఎంచుకున్నా ఒకటే లాభం రావాలి, లేకపోతే లాభం ఎక్కువున్న నంబర్‌నే పట్టుకుంటాడు. కాబట్టి ప్రతి నంబర్‌కీ, బతికే అవకాశం × (నంబర్ + స) = స కావాలి. దీన్ని అటూ ఇటూ మారిస్తే, బౌలర్ ఒక నంబర్ వేయాల్సిన అవకాశం = నంబర్ ÷ (నంబర్ + స). ఆరు అవకాశాలూ కలిపితే 1 రావాలి. స విలువ మారుస్తూ చూస్తే 16.78 దగ్గర సరిగ్గా 1 అవుతుంది.

అప్పుడు బౌలర్ వేయాల్సినవి, శాతాల్లో: 1 కి 5.6, 2 కి 10.7, 3 కి 15.2, 4 కి 19.3, 5 కి 23, 6 కి 26.3. పెద్ద నంబర్‌కి పెద్ద కాపలా. ఇది అందరూ ఊహించేదే.

బ్యాటర్ వైపు చూస్తే ఊహకి అందనిది వస్తుంది. బౌలర్ ఏ నంబర్ వేసినా బ్యాటర్‌కి జరిగే నష్టం ఒకటే కావాలి. ఒక నంబర్ మీద దొరికిపోతే పోయేది ఆ నంబర్ + స. అంటే ఆ నంబర్ వేసే అవకాశం × (నంబర్ + స) అన్ని నంబర్లకీ ఒకటే ఉండాలి. లెక్క చేస్తే 1 కి 18.9, 2 కి 17.9, 3 కి 17, 4 కి 16.1, 5 కి 15.4, 6 కి 14.7 శాతం.

క్షేమంగా ఆడాలనుకునే బ్యాటర్ అన్నిటికంటే ఎక్కువగా వేయాల్సింది 1, అన్నిటికంటే తక్కువగా వేయాల్సింది 6.

సరిబేసి

మేడమ్, ఇది రెండుసార్లు చదివాను. కోడ్‌లో పెట్టి చూశాను, బ్యాటర్‌కి మీ శాతాలు ఇస్తే బౌలర్ ఎవరైనా సరే 16.78 చుట్టూనే తిరుగుతోంది. బౌలర్ ఎప్పుడూ 6 అన్నా అంతే, ఎప్పుడూ 1 అన్నా అంతే. కానీ మనసు ఒప్పుకోవడం లేదు. ఎక్కువ రన్స్ ఇచ్చే నంబర్‌ని తక్కువగా వేయడం ఏంటి?

రాత్రిషిఫ్ట్

తమ్ముడూ, నువ్వు ఎక్కువగా వేసే నంబర్ దగ్గరే బౌలర్ కాపు కాస్తాడు. 6 దగ్గర దొరికితే పోయేది దాదాపు 22.8, 1 దగ్గర దొరికితే 17.8. ఎక్కువ పోయేచోట తక్కువగా కనిపించాలి, అంతే. తేడా కూడా మరీ పెద్దది కాదు చూడు, 18.9కి 14.7. ఎందుకంటే పోయేదాంట్లో ఎక్కువ భాగం స, అంటే ముందు ముందు ఆడబోయే ఇన్నింగ్సే. కళ్ల ముందున్న ఆ 6 రన్స్ అందులో చిన్న భాగం.

మేడమ్ పద్ధతిలో ఇంకో అందం, కోడ్‌తో సరిచూసుకోవడం తేలిక. బౌలర్‌కి ఆ శాతాలు ఇచ్చి, బ్యాటర్‌ని "ఎప్పుడూ 1" అని ఒకసారి, "ఎప్పుడూ 6" అని ఒకసారి దింపు. రెంటిలోనూ 16.78 రావాలి. శాతాలతో ఎంచుకోవడానికి పైథాన్ ర్యాండమ్ మాడ్యూల్‌లో చాయిసెస్ ఉంది, వెయిట్స్ ఇస్తే అదే చూసుకుంటుంది. ఒక్కో బంతికి ఒక్కోసారి పిలిస్తే నెమ్మదిగా ఉంటుంది, ఒకేసారి కొన్ని వేల నంబర్లు తీసి పెట్టుకుని వాడుకో.

పిడికిలి (అనంతపురం)

మా దగ్గర సున్నా లేకుండా ఎవరూ ఆడరండీ. పిడికిలి చూపిస్తే సున్నా. బ్యాటర్ పిడికిలి పెడితే బౌలర్ వేసిన నంబర్ అన్ని రన్స్ బ్యాటర్‌కి వస్తాయి. ఇద్దరూ పిడికిలి పెడితే ఔట్. బౌలర్ పిడికిలి పెట్టి బ్యాటర్ వేరే నంబర్ వేస్తే బ్యాటర్ నంబరే రన్స్. ఈ రూల్‌తో లెక్క ఎలా మారుతుంది? బౌలర్ 6 మీద ఎక్కువ కాపు కాస్తే పిడికిలితో ఆ 6 మనమే కొట్టేయొచ్చు కదా, అందుకని అడుగుతున్నా.

బడిగంట (ఖమ్మం జిల్లా)

నేను హైస్కూల్లో లెక్కలు చెప్తాను. తొమ్మిదో తరగతి పిల్లలకి సంభావ్యత పాఠం దీంతో మొదలుపెట్టాలని చాలా ఉత్సాహంగా ఉంది. పాచికలు, నాణేలు అంటే వాళ్లకి విసుగు. ఇది వాళ్లు రోజూ ఇంటర్వెల్‌లో ఆడేది. కంప్యూటర్ అందరికీ చాలదు కాబట్టి ముందు జంటలుగా కూర్చోబెట్టి చేతులతోనే ఆడించి, స్కోర్లు బోర్డు మీద రాయించి, అప్పుడు కోడ్ చూపిస్తాను.

ఒక సందేహం. పిల్లలు అడిగేది సగటు కాదు. "సార్, వాడు 17 కొట్టాడు, నేను గెలుస్తానా?" అని అడుగుతారు. ఛేజింగ్‌లో ఓడిపోయాక మిగిలిన రన్స్‌కి విలువ లేదు కదా. దానికి ఏదైనా లెక్క ఉందా?

రాత్రిషిఫ్ట్

ఉంది సార్. మేడమ్ వాడిన పద్ధతే, రన్స్ బదులు గెలిచే అవకాశం పెడితే చాలు. ఇంత తేలికైన సూత్రం వస్తుందని నేనూ అనుకోలేదు.

ఇంకా కొట్టాల్సిన రన్స్ ప్రతిదానికీ ఒక సంఖ్య రాసుకోవాలి. దాన్ని "బరువు" అందాం. 1ని బరువుతో భాగిస్తే బ్యాటర్ గెలిచే అవకాశం వస్తుంది. టార్గెట్ చేరిపోతే, అంటే కొట్టాల్సింది సున్నా లేక అంతకు తక్కువైతే, బరువు 1. ఆ పైన ప్రతిదానికీ వెనక ఉన్న ఆరు బరువులు కూడి, 5తో భాగించాలి. అంతే.

1 రన్ కావాలంటే: వెనక ఆరూ 1లే, 6 ÷ 5 = 1.2. గెలిచే అవకాశం 83 శాతం.
2 రన్స్ కావాలంటే: (1.2 + 5) ÷ 5 = 1.24. అవకాశం దాదాపు 81 శాతం.
3 కావాలంటే: (1.24 + 1.2 + 4) ÷ 5 = 1.288. దాదాపు 78 శాతం.

ఇలా పోతే 6కి 67 శాతం, 10కి 54, 11కి 51, 12కి 48. మీ పిల్లవాడి 17కి టార్గెట్ 18, ఛేజ్ చేసేవాడు గెలిచే అవకాశం 35 శాతం. సరిసమానమైన పోటీ 11, 12 దగ్గర ఉంటుంది. మొదటివాడు 11 దాటాడంటే అతనిదే కొద్దిగా పైచేయి. ఇదంతా ఇద్దరూ బాగా ఆడితేనే.

కాగితం మీద కూడికలు, భాగహారాలతోనే అయిపోతుంది కాబట్టి తొమ్మిదో తరగతికి సరిగ్గా సరిపోతుంది. సిమ్యులేషన్‌తో ఇదే తేవాలంటే ఒక్కో టార్గెట్‌కీ లక్ష ఆటలు పెట్టినా మూడో అంకె దగ్గర ఊగుతూనే ఉంటుంది.

బడిగంట

చాలా చాలా థ్యాంక్స్ అండీ. దీన్ని చార్ట్ మీద రాసి గోడకి పెట్టిస్తాను.

ఒక చిన్న విషయం, తెలుగులో కోడ్ రాయించేవాళ్లకి పనికొస్తుంది. పైథాన్ 3లో వేరియబుల్ పేర్లు తెలుగు లిపిలో పెట్టుకోవచ్చు, పిల్లలు ఎగిరి గంతేశారు. కానీ "బౌలర్‌నంబర్" అని పెట్టిన అమ్మాయికి మాత్రం ఎర్రర్ వచ్చింది, పక్కనే "స్కోరు" అని పెట్టిన అబ్బాయికి రాలేదు. ర్, న కలిసిపోయి వత్తు పడకుండా కీబోర్డు మధ్యలో ఒక కనిపించని అక్షరం పెడుతుంది. పైథాన్ పేర్లలో దాన్ని ఒప్పుకోదు. "బౌలర్_నంబర్" అని అడ్డగీతతో రాస్తే సరిపోయింది. ఇంపుట్‌లో "౫" అని తెలుగు అంకె కొట్టినా ఇంట్ ఫంక్షన్ దాన్ని 5గానే తీసుకుంటుంది, అది చూసి నాకే ముచ్చటేసింది.

చివరిబంతి (నెల్లూరు)

లిమిట్ లేని ఆట ఇంటర్వెల్‌లో కుదరదు, మేము ఎప్పుడూ ఒక ఓవరే ఆడేవాళ్లం. ఆఖరి బంతికి బ్యాటర్ 1 వేయడం నేను చూడలేదు. ఆఖరి బంతికీ 1 ఎక్కువ వేయాలంటారా?

లెక్కలమ్మ

వేయకూడదు, మీరు చూసిందే సరి. ఆఖరి బంతికి స సున్నా, దొరికితే పోయేది ఆ నంబర్ ఒక్కటే. లెక్క చేస్తే 1, 2, 3 అసలు ఆటలోనే ఉండవు. బౌలర్ వాటిని పట్టించుకోకుండా వదిలేసినా, వాటితో వచ్చేది 4, 5, 6తో సగటున వచ్చేదానికంటే తక్కువే. మిగిలిన మూడింట్లో బ్యాటర్ 37 సార్లకి 15 సార్లు 4, 12 సార్లు 5, 10 సార్లు 6 వేయాలి. బౌలర్ 7 సార్లు 4, 13 సార్లు 5, 17 సార్లు 6. ఆ బంతికి బ్యాటర్‌కి సగటున 120 ÷ 37, అంటే 3.24 రన్స్.

ఓవర్ మొత్తానికి కావాలంటే ఆఖరి బంతి నుంచి వెనక్కి రండి. ఆఖరి బంతి విలువ 3.24 కాబట్టి, ఐదో బంతికి స స్థానంలో 3.24 పెట్టి మళ్లీ చేయాలి. వెనక్కి వచ్చేకొద్దీ స పెరుగుతుంది, చిన్న నంబర్లు ఒక్కొక్కటే ఆటలోకి వస్తాయి.

కృష్ణాతీరం

మేడమ్ సవరణ సరిగ్గా ఉంది, నా వైపు కోడ్‌లోనూ అవే సంఖ్యలు వచ్చాయి. ఇక ఎదుటివాడిని చదివే బౌలర్ గురించి. మనుషులు ఈ శాతాలతో ఆడరు. స్టోన్ పేపర్ సిజర్స్ మీద చైనాలోని జెజియాంగ్ విశ్వవిద్యాలయంలో 360 మంది విద్యార్థులతో 300 రౌండ్ల చొప్పున ఆడించి చేసిన అధ్యయనం 2014లో వచ్చింది. గెలిచినవాళ్లు అదే గుర్తు మళ్లీ వేయడానికి, ఓడినవాళ్లు మార్చడానికి మొగ్గుచూపారు. హ్యాండ్ క్రికెట్‌లోనూ ఇలాంటి అలవాట్లు తప్పకుండా ఉంటాయని నా నమ్మకం.

నేర్చుకునే బౌలర్‌కి ఆరు అడ్డం, ఆరు నిలువు ఉన్న పట్టిక చాలు. బ్యాటర్ 4 తర్వాత ఏం వేశాడు, 6 తర్వాత ఏం వేశాడు అని ఎన్నిసార్లో రాసుకుంటూ పోవాలి. మొదట్లో అన్ని గడుల్లోనూ 1 పెట్టండి, లేకపోతే రెండు బంతులు చూసి తొందరపడి నమ్మేస్తుంది. ప్రతి బంతికీ, గత నంబర్‌నిబట్టి ఒక్కో నంబర్ వచ్చే అవకాశం అంచనా వేసి, దాన్ని (నంబర్ + 17)తో గుణించి, ఏది పెద్దదైతే అది వేయాలి. వచ్చే అవకాశం ఎక్కువున్న నంబర్ వేయడం ఒక్కటే సరిపోదు. అవకాశాలు దగ్గరదగ్గరగా ఉంటే పెద్ద నంబర్ మీద కాపు కాయడమే మేలు.

కోడ్ రాసేటప్పుడు ఒకటి గట్టిగా పట్టుకోండి. బౌలర్ ఫంక్షన్‌కి ఇచ్చే జాబితాలో ఈ బంతి నంబర్ ఉండకూడదు, గడిచినవే ఉండాలి. ముందు ఇద్దరి నంబర్లూ తీసుకుని, ఆ తర్వాతే జాబితాలో చేర్చాలి. వరస తప్పితే బౌలర్ ఫలితాలు అద్భుతంగా కనిపిస్తాయి, కానీ అతను చూసి వేస్తున్నాడు.

సరిబేసి

అన్నా, పెట్టి చూశాను. మా రూమ్‌మేట్ కీబోర్డు మీద ఆడితే 6 తర్వాత దాదాపు ఎప్పుడూ చిన్న నంబరే వేస్తున్నాడు, బౌలర్ దాన్ని కాసేపట్లోనే పట్టేసింది. మేడమ్ శాతాలు ఇచ్చిన బ్యాటర్ మీద మాత్రం ఎంతసేపు నేర్చుకున్నా 16.78 కంటే కిందికి దించలేకపోతోంది. ఇప్పుడు పిడికిలి గారి సున్నా రూల్ కలుపుతున్నాను, ఏ శాతాలు ఇవ్వాలో తేలడం లేదు.

లెక్కలమ్మ

పిడికిలి గారి ప్రశ్న మీద నిన్న సాయంత్రమంతా కూర్చున్నాను, ఇంత చక్కగా తేలే లెక్క ఈ మధ్య చూడలేదు.

బౌలర్ వైపు 1 నుంచి 6 వరకు పాత సూత్రమే, నంబర్ ÷ (నంబర్ + స). కొత్తగా వచ్చింది సున్నా. బ్యాటర్ పిడికిలి పెడితే అతనికి వచ్చేది బౌలర్ నంబర్ల సగటు, పోయేది ఇద్దరూ పిడికిలి పెట్టినప్పుడు స. ఈ రెండూ సమానం కావాలి కాబట్టి, బౌలర్ పిడికిలి పెట్టాల్సిన అవకాశం = బౌలర్ నంబర్ల సగటు ÷ స. అన్నీ కూడితే భాగహారాలన్నీ కొట్టుకుపోయి, (1 + 2 + 3 + 4 + 5 + 6) ÷ స = 1 అని మిగులుతుంది. అంటే స సరిగ్గా 21.

బౌలర్ శాతాలు: పిడికిలికి 16.8, 1 కి 4.5, 2 కి 8.7, 3 కి 12.5, 4 కి 16, 5 కి 19.2, 6 కి 22.2.

బ్యాటర్ వైపు, బౌలర్ ఏ నంబర్ వేసినా బ్యాటర్‌కి నష్టం ఒకటే కావాలంటే ప్రతి నంబర్ అవకాశమూ పిడికిలి అవకాశంతో సమానం కావాలి. అంటే ఏడింటినీ సమానంగా, ఒక్కోటి ఏడింట ఒకసారి వేయాలి. కృష్ణాతీరం గారు చెప్పిన "సమానంగా వేస్తే క్షేమం" అనంతపురం రూల్స్‌లో బ్యాటర్‌కి అక్షరాలా నిజం. బౌలర్‌కి కాదు. బౌలర్ ఏడింటినీ సమానంగా వేస్తే, ఎప్పుడూ 6 కొట్టే బ్యాటర్ సగటున 36 చేస్తాడు.

సరిబేసి

10 లక్షల ఇన్నింగ్స్: బ్యాటర్ ఏడింటినీ సమానంగా, బౌలర్ ఎప్పుడూ 6 వేస్తే 20.98. బౌలర్ ఎప్పుడూ పిడికిలి పెడితే 21.01. నేర్చుకునే బౌలర్‌ని దింపినా 21 చుట్టూనే ఉంది.

పిడికిలి

మేడమ్, ధన్యవాదాలు. మా తమ్ముడికి చూపించాను. ఇంకో రూల్ కూడా ఉంది, మూడుసార్లు వరసగా ఒకే నంబర్ వేస్తే బ్యాటర్ ఔట్. దానికి వేరే థ్రెడ్ మొదలుపెడతాను, ఎందుకంటే అక్కడ ఇప్పటివరకు వేసిన నంబర్లు కూడా గుర్తుపెట్టుకోవాలి, స ఒక్కటే ఉండదు.